పై పాయలో పోయని చేపపిల్లలు

బెంటన్‌విల్‌లో మనవాళ్ళు తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌కి ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒక కుర్రాడు ప్లేటు పట్టుకొచ్చి పక్కన కూర్చుంటాడు. "అంకుల్, మీరు ఏ క్లయింట్‌కి పనిచేసి రిటైరయ్యారు?" అని అడుగుతాడు. చేపలకు, అంటాను. ముందు నవ్వుతాడు, తర్వాత ఫుడ్ ప్రాసెసింగా అని ఆరా తీస్తాడు. ఒక తెలుగువాడు అమెరికాలో ముప్ఫై ఏళ్ళ పైన నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఎవరూ పెంచని చేపల్ని లెక్కపెట్టి జీతం తీసుకున్నాడంటే నమ్మడానికి కొంచెం టైం పడుతుంది. మా ఆవిడకి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ఈమధ్య మన పిల్లలు కొందరు ఇదే చదువు చదవడానికి ఇక్కడికి వస్తున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో, రిపోర్టులు ఎలా రాయాలో మీకు వేరేవాళ్ళు చెప్తారు, అదేమంత కష్టమూ కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక చేప గురించి, ఒక వాగు గురించి, నా కింద పనిచేసి నాకన్నా ఎక్కువ తెలిసిన ఒక మనిషి గురించి. చాలా ఏళ్ళ క్రితమే రాసి ఉండాల్సింది. రాయలేదు. ఆ బాధతోనే ఇప్పుడు కూర్చున్నాను.

గూడు కాసే మగచేప

మా ఓజార్క్ కొండల వాగుల్లో పెద్దరికం స్మాల్‌మౌత్ బాస్‌ది. తోమని ఇత్తడి చెంబు రంగు, ఒంటి మీద నిలువు చారలు, ఎర్రటి కళ్ళు. దీనికి అన్న వరసైన లార్జ్‌మౌత్ చెరువుల్లో, రిజర్వాయర్లలో, నాచు మధ్య హాయిగా బతికేస్తుంది. రెంటికీ తేడా నోరు చూస్తే తెలుస్తుంది. లార్జ్‌మౌత్ నోటి మూల కన్ను దాటి వెనక్కి పోతుంది, దీనిది కన్ను కిందే ఆగిపోతుంది. స్మాల్‌మౌత్‌కి పారే నీళ్ళు కావాలి, రాళ్ళు కావాలి, చల్లదనం కావాలి. రాళ్ళ సందుల్లో ఉండే క్రేఫిష్ దీనికి ఇష్టమైన తిండి. రొయ్యకీ పీతకీ మధ్యరకం జీవి అనుకోండి.

వసంతంలో నీళ్ళు అరవై డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రాగానే మగచేప ఒడ్డు దగ్గర ఒక బండ పక్కనో, పడిపోయిన దుంగ పక్కనో చోటు చూసుకుంటుంది. తోకతో ఊడ్చి ఊడ్చి బురదంతా పోగొట్టి, శుభ్రమైన గులకరాళ్ళు తేలేలా గుండ్రటి గూడు చేస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి తన దారిన వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి భారమంతా మగదానిదే. గుడ్ల మీద రెక్కలాడిస్తూ తాజా నీళ్ళు తగిలేలా చూస్తుంది, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది, సరిగ్గా తిండి కూడా తినదు. నల్లటి పిల్లలు రాళ్ళలోంచి పైకి లేచి, తమ తిండి తాము వెతుక్కునే దాకా వారాల తరబడి అదే కాపలా.

నాకు ఇది కొత్త కాదు. మాది కైకలూరు పక్క. మా వైపు కొరమీను కూడా ఇలాగే పిల్లల్ని కాచుకుంటుంది. నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు కనబడితే కింద పెద్దది ఉందని గాలం పట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. అంత తెలిసీ ఉద్యోగంలో చేరిన మొదటి వసంతంలోనే తప్పు చేశాను.

ఆ రోజు నాతో ఉన్నది డేల్, మా రాష్ట్ర మత్స్యశాఖ ఆఫీసులో టెక్నీషియన్. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద, కాలేజీ మొహం చూడలేదు, ఆ వాగు ఒడ్డునే పుట్టాడు. నేను మాస్టర్స్ డిగ్రీతో వచ్చిన బయాలజిస్టుని కనక కాగితం మీద అతనికి ఆఫీసర్ని. అతను ఇంగ్లీషులో అన్న మాటల్ని నా తెలుగులో రాస్తున్నాను.

గూడు మీదున్న మగచేపని వలతో ఎత్తి టబ్బులో వేశాం. కొలిచి, తూచి, వయసు చూడటానికి నాలుగు పొలుసులు తీసి వదిలేయాలి, అంతే. చేప బాగుంది కదా అని నేను కెమెరా తీశాను. ఎండ సరిగ్గా పడలేదని ఇంకో వైపు తిప్పాను. డేల్ నా భుజం తట్టి గూటి వైపు చూపించాడు. అరచెయ్యంత కూడా లేని సన్‌ఫిష్ అనే చిన్న చేపలు ఓ ఇరవై గూటిలో దూరి ఉన్నాయి. మేం చేపని వదిలాక అది పోయి వాటిని తరిమింది. కాని గులకరాళ్ళ మీద గుడ్లేమీ మిగల్లేదు. అయినా అది అక్కడే రెక్కలాడిస్తూ నిలబడింది.

"ఎంతసేపు నిలబడుతుంది?" అని అడిగాను.

"ఖాళీ అని దానికి తెలిసేదాకా," అన్నాడు డేల్. "రావ్, దాన్ని నువ్వు ఏమడగాలన్నా తొందరగా అడిగి వదిలేయ్. దానికి పనుంది."

మీకు కూడా అదే చెప్తున్నాను. ఫోటోలు తర్వాత.

చెరువు కళ్ళు

మా నాన్నకి చేపల చెరువులుండేవి. నేను పెరిగిందంతా బొచ్చె, శీలావతి, మేత, పట్టుబడి అనే మాటల మధ్యే. చెరువు మనిషికి చేప అంటే ఎదుగుదల. ఎన్ని నెలల్లో ఎంత తూగింది అనేదే అసలు ప్రశ్న. తూగకపోతే మేత అయినా బాగాలేదు, పిల్ల అయినా మంచిది కాదు. పిల్లని మార్చేస్తాం.

ఆ కళ్ళతోనే నేను ఈ వాగుని చూశాను. పొలుసు మీద ఏడాదికో వలయం పడుతుంది, వాటిని లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే పది అంగుళాల చేపకి ఐదేళ్ళు. రిజర్వాయర్‌లో ఆ వయసు చేప దీనికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఇంకేముంది, పిల్ల మంచిది కాదు అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి కాబట్టి దాన్ని "పూర్ గ్రోత్" అని రాశాను.

అప్పట్లో మా రిజర్వాయర్‌కి ప్రతి వసంతం వేరే రాష్ట్రం హ్యాచరీ నుంచి స్మాల్‌మౌత్ పిల్లలు ట్యాంకర్‌లో వచ్చేవి. అదీ స్మాల్‌మౌతే గాని వేరే కొండల వంశం, తొందరగా పెరిగే రకం. ఒక ఏడు అవసరానికి మించి పంపారు. రిజర్వాయర్‌లో వదలగా ట్యాంకర్‌లో ఇంకా మిగిలాయి. మా వైపు ఒక పద్ధతుంది. తెచ్చిన పిల్లని వెనక్కి తీసుకెళ్ళం. మిగిలితే పక్క చెరువులో పోస్తాం, అక్కడా చోటు లేకపోతే పంటకాలవలో పోస్తాం, దారిలో చంపుకోవడం ఎందుకని. నాకు ఆలోచించడానికి క్షణం కూడా పట్టలేదు. పది మైళ్ళ దూరంలో నా వాగు ఉంది, అందులో ఎదగని చేపలున్నాయి.

మా బాస్ గ్రెగ్‌ని ఫోన్‌లో అడిగాను. మంచివాడే, గాలం వేసేవాళ్ళ కంప్లయింట్లతో విసిగిపోయి ఉన్నాడు. "పోసెయ్. కాని వాగు పేరు ఎక్కడా రాయకు, లోడ్ రిజర్వాయర్ పేరు మీద ఉంది," అన్నాడు.

డేల్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ వాగు చేపలకి ఏమైంది?" అన్నాడు.

"ఎదగడం లేదు."

"ఆగస్టులో ఈ వాగు ఎంతుంటుందో చూశావుగా. అక్కడక్కడా మడుగులు, ఊట నీళ్ళు. పెద్దది అయితే ఎక్కడ పట్టాలి? ఇవి ఈ నీళ్ళకి సరిపడా ఎదుగుతున్నాయి."

"డేల్, అది నీ అభిప్రాయం. నా దగ్గర పొలుసులున్నాయి," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పొలుసులు చెప్పిందీ, డేల్ చెప్పిందీ ఒకటే. నాకే చదవడం రాలేదు.

అతను బండి వాగు వైపు తిప్పాడు. ఆ వసంతం పోశాం, తర్వాతి వసంతం మళ్ళీ మిగిలితే పోశాం. మూడో వసంతం నాకు ఇంకో ఆలోచన వచ్చింది. వాగుకి పైన ఒక పాయ ఉంది, ఎప్పుడూ ఎండని ఊటలున్న పాయ. అది వాగులో కలిసే చోట మట్టిరోడ్డు కోసం కట్టిన కాంక్రీటు చప్టా ఉంది. చప్టా తూముల్లోంచి నీళ్ళు నాలుగడుగుల కిందికి దూకుతాయి, కాబట్టి కింది చేప పైకి ఎక్కలేదు. పైన కూడా మంచి పిల్ల ఉంటే బాగుంటుంది కదా అనుకున్నాను. సగం చప్టా కింద, సగం చప్టా పైన పోయమని డేల్‌కి చెప్పాను. ఆ రోజు నాకు గ్రీన్‌కార్డు ఫింగర్‌ప్రింట్స్ అపాయింట్‌మెంట్ ఉంది, అతను ఒక్కడే వెళ్ళాడు.

మర్నాడు అడిగాను, "అయిందా?" అని.

"అయింది," అన్నాడు.

చూసీ రాయనివి

రెండు మూడేళ్ళు నా పేరు మోగింది. గాలం వేసేవాళ్ళు పెద్ద పెద్ద చేపలతో ఫోటోలు తెచ్చి ఆఫీసు గోడకి అంటించారు. గ్రెగ్ నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు, పోసిన సంగతి మాత్రం ఎత్తలేదు. తర్వాత వరసగా ఎండలు కాసిన వేసవులొచ్చాయి. పెద్దవి కనిపించడం మానేశాయి. పోనీ పాతవి మళ్ళీ కనబడ్డాయా అంటే, అదీ లేదు. వలలో పడుతున్న చేపలు అటూ ఇటూ కాకుండా ఉన్నాయి. చారల తీరు మారింది, తల వాలు మారింది. బయటి చేపా ఇక్కడి చేపా కలిసిపోయాయి. ఒకే జాతి కదా, వాటికి అడ్డేముంది. మగచేప ఎప్పట్లాగే గూడు చేసి కాస్తోంది, కాని కాస్తున్న పిల్లలు ఆ వాగువి కావు.

ఇది నాకు కొలతల్లో కనబడింది. డేల్‌కి కొలతలు లేకుండానే కనబడింది. ఇద్దరం ఒకే పడవలో కూర్చుని ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడుకోలేదు.

నేనెందుకు రాయలేదో చెప్తాను, ఎందుకంటే మీకూ ఇదే పరిస్థితి వస్తుంది. మొదట్లో నేను హెచ్-వన్ మీద ఉన్నాను. ఉద్యోగం పోతే దేశం వదలాలి, బాస్ వద్దన్న పేరు రిపోర్టులో ఎలా పెడతాను అనుకున్నాను. అది నిజమైన భయమే, కాదనను. కాని గ్రీన్‌కార్డు వచ్చింది, తర్వాత సిటిజన్‌షిప్ వచ్చింది, గ్రెగ్ రిటైరై వెళ్ళిపోయాడు. భయపడడానికి కారణం ఒక్కటీ మిగల్లేదు. నేను మాత్రం అలాగే ఉన్నాను. అంటే అది వీసా భయం కాదు. నా తప్పు నా చేత్తో రాయడం ఇష్టం లేక, అంతే.

ఆ మధ్యలో ఒకసారి పై పాయలో సర్వే చేశాను. అక్కడివి అచ్చం పాత చేపలే. సన్నగా, చిన్నగా, ఆ ఇత్తడి రంగుతో. పైన కూడా సగం పోయించాను కదా, మరి ఆ పిల్లలేమయ్యాయి అని ఆశ్చర్యపోయాను. ఊట నీళ్ళు పడక చచ్చి ఉంటాయి అని సరిపెట్టుకున్నాను. కొంత తేలిగ్గా కూడా అనిపించింది.

డేల్ అడిగింది

డేల్ రిటైరైన చాలా ఏళ్ళకి ఊపిరితిత్తులు పాడై హాస్పిటల్లో ఉన్నాడని తెలిసి ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ముక్కుకి గొట్టం ఉంది, మాటకీ మాటకీ మధ్య ఆగాల్సి వస్తోంది. వాతావరణం గురించి మాట్లాడాం. ఎవరి ట్రక్కు ఎవరు కొన్నారో మాట్లాడాం.

"పై పాయకి వెళ్తున్నావా?" అన్నాడు ఉన్నట్టుండి.

"వెళ్తుంటాను."

"ఉన్నాయా?"

"ఉన్నాయి. పాతవే. మనం పోసినవి అక్కడ బతకలేదనుకుంటా."

అతను గొట్టం సరిచేసుకున్నాడు. "రావ్, నేను పైన పోయలేదు," అన్నాడు. "చప్టా దాకా వెళ్ళాను. కింద సగం పోశాను, నువ్వు చెప్పావు కాబట్టి. పైన పోయడానికి చేతులు రాలేదు. మిగతావి తిప్పి రిజర్వాయర్‌కి తీసుకెళ్ళాను. దారిలో కొన్ని చచ్చాయి."

ఆ రోజు అయింది అన్నావు కదా అని మాత్రం అనలేదు, అది కొంత నయం.

"ఇది ఎక్కడైనా రాసి పెట్టు," అన్నాడు. "రేపు ఎవరో ఒకరు ఆ చప్టా తీసేస్తారు. కింద ఏముందో, పైన ఏముందో తెలియకుండా తీసేస్తారు. నేను రాస్తే ఎవరూ చదవరు. నువ్వు రాయి."

రాస్తానన్నాను. అతను ఆ శీతాకాలం పోయాడు. అప్పటికి నేను రిటైరవడానికి ఇంకా పదేళ్ళుంది. పదేళ్ళలో వంద రిపోర్టులు రాసి ఉంటాను. అదొక్కటి రాయలేదు.

సాహితి ప్రాజెక్టు

రిటైరయ్యాక రెండో ఏడు పాట్‌లక్‌లో సాహితి కలిసింది. కరీంనగర్ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో ఫిషరీస్‌లో ఎంఎస్ చేస్తోంది. పాట్‌లక్‌లో నన్ను ఏ క్లయింట్ అని అడగని మొదటి మనిషి. నేరుగా, "అంకుల్, మీరు వాగుల్ల పనిచేసిన్రంట కదా, నాతోని ఒకసారి ఫీల్డ్‌కి వస్తరా?" అంది.

తను నన్ను తీసుకెళ్ళింది ఆ చప్టా దగ్గరికే. వరదొస్తే స్కూలు బస్సు దాటలేకపోతోందని కౌంటీ వాళ్ళు దాన్ని పగలగొట్టి బ్రిడ్జి కడుతున్నారు. చేపలకి అడ్డం పోతుందని మా పాత ఆఫీసు కూడా చెయ్యి కలిపింది. ఇలాంటి అడ్డాలు తీయడం మంచిపనే, నేనే చాలా చోట్ల తీయించాను. చప్టా తీయక ముందు, తీసిన తర్వాత చేపలు ఎలా కదులుతాయో చూడటమే తన థీసిస్.

"ఫాల్ సీజన్‌ల తీసేస్తరు అంకుల్. నెక్స్ట్ స్ప్రింగ్‌కల్లా కింద చేపలు పైకి పోతయి," అంది సంతోషంగా.

"అవును, పోతాయి," అన్నాను. పైన ఏముందో, కింద ఏముందో మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే మా ఆవిడ అడిగింది, "ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా?" అని. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆవిడకి నా ఉద్యోగం గురించి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, "ఆ పిల్లకి ఫోన్ చెయ్యండి. అన్నం తర్వాత తినొచ్చు," అంది.

చేశాను. అంతా విని సాహితి ఏయే ఏళ్ళో అడిగి రాసుకుంది. తర్వాత, "హ్యాచరీ లాగ్స్ నేను చూసిన అంకుల్. ఆ వాగుల పిల్లల్ని స్టాకింగ్ చేసినట్టు ఒక్క ఎంట్రీ కూడా లేదు," అంది.

"ఉండదు. రాయలేదు."

"మరి ఇన్ని ఏండ్లు ఎందుకు చెప్పలే? నా ప్రపోజల్ అప్రూవ్ అయింది, ఫండింగ్ వచ్చింది. చప్టా తీయకపోతే నా థీసిస్ లేదు. ఇంకో సెమిస్టర్ అయితది నాకు. ఇవన్నీ మీకు తెలుసు కదా."

తెలుసు. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. నాలుగు రోజులు నా మెసేజ్‌లు చూడలేదు. తప్పు తనది కాదు. ఐదో రోజు తనే ఫోన్ చేసి, "సాంపిల్స్ తీద్దాం. మీ మాట ఒక్కటే చాలదు," అంది. అది సరైన మాట. ఆ మాట అనగలిగిందంటే నాకన్నా మంచి బయాలజిస్టు అవుతుంది.

చప్టా పైనా కిందా చేపల రెక్కల చివర చిన్న ముక్కలు తీసి ల్యాబ్‌కి పంపింది. కిందవన్నీ కలగలుపు. పైనవాటిలో బయటి రక్తం చుక్క కూడా లేదు. ల్యాబ్ వాళ్ళు ఆ పాయ చేపల్ని చుట్టుపక్కల కొండల వాగుల చేపలన్నిటితో పోల్చి చూశారు. అవి వాటిలో దేనితోనూ పూర్తిగా కలవలేదు. అంటే ఆ వంశం ఆ వాగులో మాత్రమే ఉండేది. ఇప్పుడు దాని పాయలో మాత్రమే ఉంది.

స్కూలు జిమ్‌లో కౌంటీ మీటింగ్ పెట్టారు. సాహితి ల్యాబ్ రిజల్ట్స్ చూపించింది. బయటి చేప ఆ వాగులోకి ఎలా వచ్చిందని ఎవరో అడిగారు. నేను లేచి, నేనే పోయించానని చెప్పాను. అప్పట్లో మా ఆఫీసు గోడకి ఫోటోలు అంటించిన ముసలాయన ఒకాయన ముందు వరసలోనే ఉన్నాడు. నా వైపు చూసి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

చివరికి బస్సు కోసం పైన బ్రిడ్జి కట్టి, కింద చేపల్ని ఆపే చప్టా కాంక్రీటుని అలాగే వదిలేశారు. పై పాయ మిగిలింది. కింది వాగులో పోయింది పోయినట్టే, దాన్ని ఇక ఎవరూ వెనక్కి తేలేరు.

సాహితి థీసిస్ మార్చుకుని ఒక సెమిస్టర్ ఆలస్యంగా పూర్తి చేసింది. ప్రింట్‌కి ఇచ్చే ముందు ఒక పేజీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రికార్డుల్లో లేని సంగతి కాబట్టి ఎవరు చెప్పారో పేర్లతో సహా రాయాలి. అందులో ఇలా ఉంది: కింది వాగులో బయటి చేపపిల్లల్ని మూడు వసంతాలు పోయించినది అప్పటి బయాలజిస్ట్ రావు. పై పాయలో కూడా పోయమన్న ఆదేశాన్ని టెక్నీషియన్ డేల్ పాటించలేదు.

"అంకుల్, పాటించలేదు అంటే ఆయన తప్పు చేసినట్టు ఉంటదేమో. సాఫ్ట్‌గా మార్చనా?" అంది.

"వద్దమ్మా. అలాగే ఉండనీ," అన్నాను. ఆ వాగుకి మా ఆఫీసు నుంచి జరిగిన మేలు అదొక్కటే. అది కూడా నేను చెప్పిన పని డేల్ చేయకపోవడం వల్ల జరిగింది.